ప్లాటినం మూసకు పెట్టిన బొట్టు

ప్లాటినం ఉంగరాలు ఇప్పుడు నగల షాపుల్లో అమ్ముతున్నారు. మొన్న మా మనవరాలు ఒకటి కొనుక్కొచ్చి, "తాతా, ఇది వెండి అనుకుంటున్నావు కదూ" అని నన్ను ఆటపట్టించబోయింది. "ముందు అరచేతిలో పెట్టవే" అన్నాను. పెట్టింది. కళ్ళు మూసుకునే ప్లాటినమని చెప్పేశాను. అంత చిన్న వస్తువుకు అంత బరువు ఉంటుందని చెయ్యి నమ్మదు, అందుకే ఒక్క క్షణం కిందికి దిగుతుంది. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. దానికేం తెలుసు, ఒకప్పుడు ఆ బరువును నేను రోజూ చేతిలో పట్టుకున్నవాణ్ణని!

ఉంగరం తిరిగిచ్చేశాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ లోహంతో పాటు నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన విషయంలో నేను చేసిన పని ఇంట్లో సగమే చెప్పాను, నాకు మంచిపేరు తెచ్చే సగం. రెండో సగం ఇప్పుడు రాస్తున్నాను. ఈ వయసులో ఇంకా దాచుకుని ఏం బావుకుంటాను?

పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి మనవాళ్ళ చేతుల్లోకి వచ్చిన రోజులవి. సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న ప్రభుత్వ లాబొరేటరీలో నేను సహాయకుణ్ణి. ఊళ్ళో అమ్మే పిండి, ఉప్పు, నూనె, బావినీళ్ళు పరీక్ష చేసి, తినొచ్చో తినకూడదో కాగితం మీద రాసివ్వడం మా పని. ఫ్రెంచి అధికారి ఓడెక్కి వెళ్ళిపోయాడు. మిగిలింది ఇద్దరం, నేనూ, నాకు పని నేర్పిన పెద్దాయనా. ఆయనది విల్లియనూరు. తాతల కాలంనుంచీ అక్కడ సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. మాకు బంధుత్వం ఏమీ లేదు, అయినా నేను "పెదనాయనా" అనే పిలిచేవాణ్ణి. రోజూ పొద్దున బస్సు దిగి, తలగుడ్డ సర్దుకుని, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో గాజు బీరువా తెరిచేవాడు. ముప్పై ఏళ్ళు ఆ తాళంచెవి ఇంకొకరి చేతికి పోలేదు.

ఆ బీరువాలో ఉండేది ఒక ప్లాటినం మూస. కంసాలి దగ్గర ఉండే మట్టి మూసలాంటిదే, బొటనవేలంత ఎత్తు, పైన ఒక మూత. బంగారం కంటే అరుదుగా దొరికే లోహమని ఆయన చెబితే మొదట్లో నాకు నవ్వొచ్చింది. చూడ్డానికి అల్యూమినియం గరిటె రంగు! కానీ దాని సంగతి పని చేస్తే తెలుస్తుంది. పిండిని అందులో పోసి, స్పిరిట్ దీపం మీద పెట్టి, కాలితో తిత్తి తొక్కుతూ మంట పెంచితే పిండంతా కాలి చిటికెడు బూడిద మిగులుతుంది. ఆ బూడిద తూకాన్ని బట్టి పిండిలో సుద్ద కలిపారో లేదో చెప్పేస్తాం. ఇనుప గిన్నె అయితే తుప్పు వదులుతుంది, పింగాణీ పగిలిపోవచ్చు. ఈ మూస మాత్రం కణకణ ఎర్రబడి, చల్లారి, మళ్ళీ తరాజులోకి వచ్చేసరికి నిన్న ఎంత తూగిందో ఇవాళా అంతే తూగుతుంది. ఘాటైన యాసిడ్ పోసినా కడుక్కుని కూర్చుంటుంది. రెండు యాసిడ్లు కలిపి పోస్తే తప్ప కరగదు. మా దీపం మంటకైతే అసలే కరగదు.

పెద్దాయన ఒకసారి నాకొక వింత చూపించాడు. సన్నటి ప్లాటినం తీగను చుట్టచుట్టి, ఎర్రగా కాల్చి, గోరువెచ్చటి స్పిరిట్ ఉన్న గ్లాసులో పైపైన వేలాడదీశాడు. మంట లేదు, పొగ లేదు, అయినా తీగ ఎర్రగా వెలుగుతూనే ఉంది. స్పిరిట్ ఆవిరి గాలితో కలిసి ఆ తీగ మీదే నెమ్మదిగా మండుతోందట, తీగకు మాత్రం అణువంత తరుగు రాదట. "నీ సంగతేంది, ముప్పై ఏండ్లు చూసినా నాకే ఆచ్చర్యం తీరలేదు తంబీ" అన్నాడు. ఆ రోజునుంచి ఆ లోహమంటే నాకు భక్తి లాంటిది పట్టుకుంది. తర్వాత కొంప ముంచింది ఆ భక్తే.

మూసను తోమడానికి ఇంట్లో బూడిదా చింతపండూ పనికిరావు. గీతలు పడతాయి. సముద్రపు ఇసుక కావాలి, అదీ అలలు దొర్లించి దొర్లించి గుండ్రంగా చేసినది. అందుకోసం నేను సైకిలు మీద వీరాంపట్టినం పోయి గుడ్డసంచిలో ఇసుక తెచ్చేవాణ్ణి. ఏడుసార్లు కడిగి ఆరబెట్టాక పెద్దాయన భూతద్దంలో చూసి, కోసుగా ఉన్న రేణువు ఒక్కటి కనబడినా "ఏందిరా ఇది, నా మూసకు గోకుడు పెడతావా?" అని సంచి మొత్తం పారబోయించేవాడు. నాకు ఒళ్ళు మండేది. తడి వేలితో ఆ ఇసుక అద్దుకుని, పసిబిడ్డకు ఒళ్ళు రుద్దినట్టు ఆయన మూసను రుద్దేవాడు.

ఆయనకు ఒకే ఒక్క భయం, సీసం. ఎర్రగా కాలిన ప్లాటినానికి సీసం తగిలితే రెండూ కలిసిపోతాయి. ఆ కలిసిన చోట లోహం తేలిగ్గా కరిగి చిల్లు పడుతుంది. ఏ యాసిడూ చేయలేని పని రవ్వంత సీసం చేసేస్తుంది. "దేన్నైనా నమ్ము, సీసాన్ని మాత్రం దగ్గరికి రానీయొద్దు" అని వెయ్యిసార్లు చెప్పుంటాడు. నేనూ వెయ్యిసార్లు తలూపాను. సీసమంటే నాకు తెలిసింది చేపల వలకు కట్టే నల్లటి గుండ్లు. అవి మా లాబొరేటరీలోకి ఎందుకొస్తాయి?

ఊరు చేతులు మారాక కాకినాడ వైపునుంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. చదువుకున్నవాడు, మాట తీరు ఉన్నవాడు. నేను "యాడ పెట్టాల సార్?" అంటే ముచ్చటపడి నవ్వేవాడు. ఫ్రెంచి బళ్ళో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రానివాణ్ణి నన్ను చూసి జాలిపడి, భోజనాల వేళ పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఇదిగో, ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. చెడ్డవాడని నేను అనను. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే పెద్దాయనకు రిటైర్మెంటు వచ్చింది. బీరువాలోని వస్తువులన్నీ ఒక్కొక్కటే చూపించి, పుస్తకంలో సంతకాలు పెట్టించుకుని, తాళంచెవి మొలతాడునుంచి విప్పి నా చేతిలో పెట్టాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి బిగుసుకుపోయి ఉంది.

నా ఉద్యోగం అప్పటికి గాలిలో దీపం. ఫ్రెంచి కాలపు ఉద్యోగుల్లో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని కాగితాలు చూస్తున్నారు. మా ఆఫీసరు నా గురించి మంచిగా రాస్తేనే నాకు పర్మనెంటు. నాన్న లేడు, ఇంట్లో అమ్మా నేనూ అంతే. నా భయం అదీ.

దసరా వచ్చింది. ఫ్రెంచివాళ్ళ హయాంలో మా ఆఫీసులో పూజా గీజా ఎరగం. కొత్త ఆఫీసరు ఉత్సాహంగా, "ఇప్పుడు మన గవర్నమెంటు కదయ్యా! ఆయుధపూజ బ్రహ్మాండంగా చేద్దాం" అన్నాడు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. మా అమ్మ ఆంజనేయస్వామి గుడినుంచి తెచ్చుకున్న సింధూరం నూనెలో కలిపి చిన్న గిన్నెలో పోసిచ్చింది. "కుంకుమ రాలిపోతాది రా, ఇదైతే అంటుకుంటే పోదు" అంది. బొరుగులు, పుట్నాలు, అరటిపళ్ళు, బంతిపూల దండలు. తరాజుకు బొట్టు పెట్టాను, దీపానికి పెట్టాను, తిత్తికి, గాజు సీసాలకు, బీరువా తలుపుకు పెట్టాను. చివరికి ప్లాటినం మూసను తమలపాకు మీద నిలబెట్టి, దాని పొట్ట మీద అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఆఫీసరు హారతి ఇచ్చాడు.

మర్నాడు విజయదశమి. పని మొదలుపెట్టాలి కదా అని పిండి తీశాను. మూస లోపలంతా తుడిచాను. బయట బొట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. పండగపూట బొట్టు చెరపడమా? మా ఇళ్ళల్లో ఆ మాటే అనరు. ముందూ వెనకా తూకం చూసేటప్పుడు ఆ కాస్త బరువు ఎలాగూ కొట్టుకుపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దీపం వెలిగించి తిత్తి తొక్కాను. చల్లారాక చూస్తే మూస పొట్టకు ఆవగింజంత చిల్లు! చుట్టూ నల్లగా పొక్కు కట్టి ఉంది.

ఆఫీసరు మూసను తిప్పి తిప్పి చూశాడు. "సీసం ఉన్నదేదైనా ఇందులో కాల్చావా?" అని అడిగాడు. "అమ్మతోడు, లేదు సార్" అన్నాను. అప్పటికి అది నిజమే. "అసలైన ప్లాటినమైతే ఈ మంటకు చిల్లు పడదు. అంటే ఇది ప్లాటినం కాదు. ఈ గందరగోళంలో ఎవరో అసలుది తీసేసి ఇది పెట్టారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది? నాకు తెలిసినంతలో ఆ లెక్క సరిగ్గానే ఉంది. పెద్దాయన అలాంటివాడు కాదని ఒక్క ముక్క అనుండొచ్చు. అనలేదు.

సోమవారం నాడు పుస్తకంలో మూస పేరు పక్కన "అనుమానాస్పదం" అని రాసి, కింద పెద్దాయన పేరు రాశాడు. వచ్చి సంజాయిషీ చెప్పుకోమని ఇంగ్లీషులో ఉత్తరం తయారుచేసి, మర్నాడు పోస్టులో వెయ్యమని నాకిచ్చాడు.

మంగళవారం పొద్దున బల్లలు తుడుస్తున్నాను. మూడో అరలో ఫ్రెంచి చీటీ అంటించిన ఒక సీసా ఉండేది, మినియం అని. సీసాన్ని గాలిలో కాలిస్తే వచ్చే ఎర్రటి పొడి. అది సీసమేనని పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. సీసా దించుతుంటే మూత వదులుగా ఉండి నా వేళ్ళకు కాస్త పొడి అంటింది. ఎదురుగా తరాజు మీద పండగనాటి బొట్టు. నా వేలి మీద ఉన్నదీ, తరాజు మీద ఉన్నదీ ఒకే నారింజ ఎరుపు.

బొగ్గు మీద పెట్టి ఊదితే రెండు నిమిషాల్లో తేలిపోయే పరీక్ష. చేయలేదు. చేస్తే నిజమైపోతుందని భయం. పుస్తకంలో చదివింది ఒక అరలో, అమ్మ పూజగూట్లోది ఇంకో అరలో పెట్టుకుని బతికాను ఇన్నేళ్ళూ. నా చదువు తగలెయ్య! ఆ నూనె మాడి బొగ్గై సింధూరంలోంచి సీసాన్ని బయటికి లాగింది, ఆ సీసం మూసను తినేసింది. అంతా కళ్ళకు కట్టింది.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను. తడిగుడ్డా సబ్బూ తీసుకుని తరాజు మీద బొట్టు తుడిచేశాను. దీపం మీదది, తిత్తి మీదది, సీసాల మీదవి, తలుపు మీదది, ఒక్కటి కూడా వదలకుండా. పండగనాడు చెరపడానికి చెయ్యి ఆడని మహాభక్తుణ్ణి! ఆఫీసరు చూసి, "శుభ్రం చేస్తున్నావా, మంచిది" అన్నాడు. పెద్దాయనకు పంపాల్సిన ఉత్తరం అప్పటికి నా చొక్కా జేబులోనే ఉంది. మధ్యాహ్నం వెళ్ళి పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. బుధవారం నోరు విప్పలేదు. గురువారం విప్పలేదు. పర్మనెంటు కాగితం ఒక్కటే కళ్ళముందు ఆడుతోంది.

శుక్రవారం పెద్దాయన వచ్చాడు. ఉతికిన పంచె, అదే తలగుడ్డ. నావైపు చూసి తలూపాడు. కోపం లేదు, వాదన లేదు. "మూస ఇట్ల ఇవ్వండి సార్" అన్నాడు. ముందు గాల్లో తూచాడు. తర్వాత దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచాడు. లెక్క వేసి కాగితం ఆఫీసరు ముందుకు జరిపాడు. నీటికంటే ఇరవై ఒక్క రెట్లు బరువు. ఇంకే చవక లోహానికీ రాని లెక్క అది. ఆఫీసరు రెండుసార్లు సరిచూసుకుని, "ఒప్పుకుంటున్నాను. ఇది ప్లాటినమే" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

పెద్దాయన ఊరుకుంటే కదా! "మరి చిల్లు ఎందుకు పడె? అది తెలియాల" అని, చిల్లు అంచున కాస్త గోకి, నైట్రిక్ యాసిడ్‌లో వేసి వేడిచేసి, "తంబీ, అయొడైడ్ తే" అన్నాడు. నా చేతులతో నేనే తెచ్చిచ్చాను. ఒక్క చుక్క పడేసరికి గాజుగొట్టంలో పసుపు విరగబూసింది. సీసం.

ఆఫీసరు ముఖం మారిపోయింది. "అయితే మీ కాలంలోనే ఇందులో సీసం కాల్చారన్నమాట. చిల్లు పడబోతోందని తెలిసి, ఇసుకతో తోమి మెరిపించి, నా చేత సంతకం పెట్టించుకున్నారు. మేము వచ్చాక సీసం ముట్టుకున్న పాపాన పోలేదు. అడగండి ఇతన్ని" అన్నాడు.

పెద్దాయన నన్నేమీ అడగలేదు. కుర్చీలో కూర్చుని గాజుగొట్టంలోని పసుపునే చూస్తున్నాడు. తన నిజాయితీతో చేసిన పరీక్ష తన మెడకే చుట్టుకుంది. ఇక నావల్ల కాలేదు.

"సింధూరం సార్," అన్నాను. "నేను పెట్టిన బొట్టు. సింధూరమంటే సీసమే."

ఆఫీసరు ముందు నవ్వాడు, తర్వాత కసురుకున్నాడు. "గురుభక్తి ఉండాలయ్యా, మరీ ఇంతనా? స్వామి సింధూరం లోహాన్ని తినేస్తుందా? ఏదీ, ఎక్కడుంది చూపించు ఆ బొట్టు!" ఎక్కడుంది? ఒక్కటి కూడా లేదు. నేనే కడిగేశాను.

సైకిలెక్కి ఇంటికి పరిగెత్తాను. అమ్మ బియ్యం ఏరుతోంది. "అమ్మా, సింధూరం పొట్లం యాడ పెట్టినావు?"

"ఏందిరా ఈ వేళకొచ్చి? పూజగూట్లో ఉంది. స్నానం చేసినావా ముట్టుకునే దానికి?"

"కాల్చి చూడాల అమ్మా."

"సామి సింధూరాన్ని కాలుస్తావా! నీకేమన్నా పైత్యం పట్టిందా?" అని వెనకనుంచి కేకలు పెడుతూనే ఉంది. పొట్లం జేబులో వేసుకుని వచ్చేశాను.

బొగ్గుముక్కలో చిన్న గుంట చేసి, అందులో చిటికెడు సింధూరం పెట్టి, దీపం మంటను గొట్టంతో దాని మీదికి ఊదాను. ఎరుపు నల్లబడింది, పసుపైంది, కుతకుతలాడింది. ఊపిరి తిప్పుకుని మళ్ళీ ఊదాను. గుంట అడుగున నిగనిగలాడుతూ ఒక చిన్న బిందువు దొర్లింది. చల్లారాక పెద్దాయన దాన్ని కాగితం మీద రుద్దాడు. పెన్సిలు గీతలా నల్లటి గీత పడింది, సీసం గీత. ఆఫీసరు ఆ గీతను చూశాడు. పూజ చేయమన్నది తనే కదా, ఆ సంగతి ఆయన ముఖంలో కనిపించింది. పుస్తకం తెరిచి సోమవారం రాసిన మాట కొట్టేసి, "మంచి స్థితిలో అప్పగించారు" అని రాసి సంతకం పెట్టాడు. లేచి నిలబడి పెద్దాయనకు చేతులు జోడించాడు. నావైపు తిరిగి, "నీ సంగతి నేను రాయక తప్పదు" అన్నాడు. రాశాడు. నా పర్మనెంటు రెండేళ్ళు వెనక్కి పోయింది. దానికి నేను ఏడవలేదు.

ఇంట్లో చెప్పిన సగం ఇదే. ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెప్పిన తాత! పిల్లలు ఎన్నిసార్లో చెప్పించుకున్నారు.

ఆ సాయంత్రం పెద్దాయనను బస్సు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. దారిలో నా నోరు ఊరుకోలేదు. తప్పైపోయింది పెదనాయనా, తెలియక చేశాను పెదనాయనా అని వాగుతూనే ఉన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "బొట్టు పెట్టినదానికి ఏందిరా తప్పు? నాకు మాత్రం తెలుసునా? మా ఇంట్లో ఆడోళ్ళూ అదే పెడతారు" అన్నాడు. కన్నీళ్ళొచ్చాయి నాకు. అంత తేలిగ్గా అయిపోయిందే అనుకున్నాను.

విల్లియనూరు బస్సు వచ్చి నిలబడింది. ఆయన కమ్మీ పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"సింధూరమని నీకు ఎప్పుడు తెలిసె?"

ఇవాళ పొద్దున అని చెప్పొచ్చు. ఆయన నమ్మేవాడు. కానీ అప్పటికి అబద్ధమాడే ఓపిక నాలో అయిపోయింది.

"మంగళవారం" అన్నాను.

ఆయన చెయ్యి నా భుజం మీదనుంచి దిగింది. "నాకు ఇంగ్లీసు రాదు కదరా. జాబు నా కొడుకు చేత చదివించినాను, బుధవారం" అన్నాడు. "చదివి, జాబు మడిచి, నిజంగా నువ్వే మూస తీసినావా నాయినా అని నన్నే అడిగినాడు."

కండక్టరు విజిల్ వేశాడు. పెద్దాయన బస్సెక్కి, లోపల అవతలివైపు సీట్లో కూర్చున్నాడు.